బ్యాటరీ నీళ్లు తాగే మొక్క

మధులత మేడమ్ కాన్పుకని ఆత్మకూరు పోతూ ఇంటి తాళాలతో పాటు ఒక మొక్క కుండీని కూడా నాకు అప్పగించింది. ఆమె కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. నాలుగేళ్ల కింద విత్తనం వేసి పెంచిన మొక్క అది. అంచున ముళ్లున్న చిన్న నోళ్లతో ఈగలను పట్టి తింటుంది. ఎరువు వద్దు, మన బోరు నీళ్లు అసలే వద్దు, ఇన్వర్టరు బ్యాటరీలో పోసే ఉప్పు లేని నీళ్లే కింది పళ్లెంలో పోయాలని చెప్పింది. నోళ్లను వేలితో తాకి ఆడించొద్దని రెండుసార్లు చెప్పింది.

వేంపల్లెలో సువార్త కూటాలకు పోతూ నాలుగు రోజులు తాళం పక్కింటి గిడ్డమ్మకిచ్చాను. మొక్కను చూసుకోమన్నాను. ఏ నీళ్లు పోయాలో చెప్పలేదు.

తిరిగొచ్చేసరికి కుండీ అంచున ఉప్పు పేరినట్టు తెల్లటి చార. మట్టి మీద గుప్పెడు మేకల ఎరువు. రెండు నోళ్లు నల్లబడ్డాయి.

మల్లెచెట్టుకు వేసేదే దీనికీ వేసి, బోరు నీళ్లు పోసిందట గిడ్డమ్మ.

"ఎండకు సొక్కిపోయుండాదని జాలిపడితి కృపక్కా. ఈగలు తినేదానికి ఇన్ని మర్యాదలుంటాయని నాకేం తెలుసు?"

తప్పు ఆమెది కాదు.

మేడమ్ నెలలు నిండిన మనిషి. చెబితే ఏమవుతుందోనని భయం. చెప్పకపోతే మొక్క దక్కదు. మూడుసార్లు ఫోను తీసి పెట్టేసి, నాలుగోసారి చేశాను. అంతా విని ఆమె ఒకటే అడిగింది.

"నడుమ చిగురు ఎట్లుండాది?"

"పచ్చగానే ఉండాదమ్మా."

"అయితే ఎరువు తీసేసి, బ్యాటరీ నీళ్లు పైనుంచి పోయమ్మా. కిందికి కారినవి పారబోసి మళ్లీ పోయాల. ఉప్పంతా కడుక్కోని పోవల్ల."

నా దగ్గరున్న క్యాను ఒక్క పూటకే అయిపోయింది. గిడ్డమ్మ తమ ఇన్వర్టరుకని ఉంచుకున్న క్యాను తెచ్చి దించింది. మూడు దినాలు కడిగాం. ఇంకో నోరు నల్లబడింది. మిగిలినవి తెరుచుకునే ఉన్నాయి. బతికే ఉన్నాయో, ఎండి అట్లే నిలిచిపోయాయో తెలియలేదు. తాకి చూద్దామని వేలు పోయేది. వెనక్కి తీసుకునేదాన్ని.

ఐదో దినం పొద్దున ఒక ఈగ వచ్చి కుండీ మీద వాలింది. గిడ్డమ్మ అలవాటు కొద్దీ కొంగుతో తోలబోయింది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఈగ ఒక నోటి అంచున ఆగి, లోపలికి నడిచింది. ఏమీ కాలేదు. ఇంకో రెండడుగులు వేసింది.

నోరు మూసుకుంది. మునుపటంత చురుగ్గా కాదు. అయినా మూసుకుంది.

"ఇంక నా చెయ్యి వదులక్కా, నొప్పి పుడతాండాది," అంది గిడ్డమ్మ.