సామాన్ అచ్చిందా

ఆ ఏడు మిరుగు, అంటే మృగశిర కార్తె, వచ్చి వారం దాటినా దేవకిని ఎవరూ ఏమీ అడగలేదు.

ప్రతి ఏడూ మొదటి వాన పడ్డ రోజు దేవిదాస్ మంచం మీది నుంచి అడిగేవాడు. పక్షవాతం వచ్చి కుడి పక్కంతా పడిపోయాక ఆయన నోట మాట సగమే పలికేది గాని, ఈ మాట మాత్రం తేటగా వచ్చేది. "బాయీ, సామాన్ అచ్చిందా?"

నాందేడ్ చుట్టుపక్కల ఊళ్లలో పంతులమ్మను మరాఠీ అలవాటులో బాయి అంటారు. జిల్లా పరిషత్ బడిలో ఇరవై తొమ్మిదేళ్లుగా చదువు చెబుతున్న భార్యను దేవిదాస్ కూడా, కొంత ఎగతాళిగా, అలాగే పిలిచేవాడు. ఆమె గడప దగ్గర నిలబడి, తల వంచుకొని, ఇంకా రాలేదని, హైదరాబాద్‌లో కూడా దొరకడం లేదట అని చెప్పేది. ఆయన "సరే తీయ్" అని కళ్లు మూసుకునేవాడు. ఏడు మిరుగులు ఇట్లాగే గడిచాయి. మొన్న మాఘంలో ఆయన పోయాడు.

సామాన్ అంటే పడవ మోటారు వేడెక్కకుండా లోపలికి నీళ్లు లాగే చిన్న రబ్బరు చక్రం. విష్ణుపురి దగ్గర బంధారా, ఆనకట్ట, కట్టాక గోదావరి నీళ్లు ఏడాది పొడుగునా వెనక్కి నిలిచి, వాళ్ల నాలుగెకరాలు అవతలి ఒడ్డున పడ్డాయి. అందరూ తెడ్డు వేసుకొని దాటేవారు. దేవిదాస్ మాత్రం ఎక్కడి నుంచో ఒక పాత మోటారు తెచ్చి తన చెక్కపడవ వెనక బిగించాడు. ఊరు నవ్వింది. సోయాబీన్ కోతల్లో నలుగురి బస్తాలూ ఒక్క పూటలో ఇవతలికి చేరాక నవ్వడం మానేసింది. సాయంత్రం నది వంపులో ఆ చప్పుడు వినపడగానే దేవకి పొయ్యి మీద పెనం పెట్టేది. ఆయన పడవ కట్టేసి, కాళ్లు కడుక్కొని వచ్చేసరికి మొదటి జొన్నరొట్టె దిగేది. ఇరవయ్యేళ్ల పాటు సాయంత్రాలు ఆమె గడియారం చూసింది లేదు.

జబ్బు పడ్డ కొత్తలో ఆయన ఒకటే పోరు పెట్టాడు. మెకానిక్ సూర్యకాంత్‌ను పిలిపించు, మోటారు చూపించు, ఒక్కసారి నడిపించు, పడుకొనే వింటాను అని. దేవకికి నమ్మకం లేదు. ఆ చప్పుడు వింటే మనిషి మంచం మీద ఆగడు. అప్పటికే ఒకనాడు, ఆమె బడికి పోయిన వేళ, గోడ పట్టుకొని మోటారు ఉన్న కొట్టం దాకా ఈడ్చుకుంటూ పోయి, పడి, నుదురు పగలగొట్టుకున్నాడు. అందుకని ఆమె ఒక అబద్ధం చెప్పింది. సూర్యకాంత్ వచ్చి చూశాడని, రబ్బరు చక్రం పాడయిందని, ఆ సామాన్ ఎక్కడా దొరకదని. సూర్యకాంత్‌ను ఆమె పిలవనే లేదు.

ఇప్పుడు పిలిచింది. బడులు ఇంకా తెరవలేదు. పొద్దున బస్సెక్కి నాందేడ్‌లో అతని దుకాణానికి పోయింది. పొలం పంపులు, పాత స్కూటర్లు బాగు చేసే మనిషి. దేవిదాస్‌కు తమ్ముడి లాంటివాడు. మోటారు బాగు చేయించి ఏం చేస్తారని అతను అడగలేదు. రేపొస్తానన్నాడు.

కొట్టంలో గోనెపట్టా తీసేసరికి మోటారు నిండా పసుపు, కుంకుమ. ప్రతి దసరాకూ పనిముట్లతో పాటు దానికీ బొట్టు పెట్టమని ఆయన మంచం మీది నుంచే గుర్తు చేసేవాడు. ఏడు దసరాల పసుపు పొరలు కట్టి ఉంది. సూర్యకాంత్ గుడ్డతో దుమ్ము తుడిచాడు గాని బొట్ల చుట్టూ తుడిచాడు, వాటి మీద చెయ్యి పెట్టలేదు. పైమూత విప్పితే ఎలుకల గూడు. దూది, పిల్లల పరీక్ష కాగితాల తునకలు.

"ఎలుకలు సుత పాసయినయ్ బాయీ," అన్నాడు.

దేవకి నవ్వలేదు. గుంజకు ఆనుకొని అతని చేతులనే చూస్తోంది. మోటారు నడవకపోతే బాగుండునని ఆమెకు ఉంది. నడవకపోతే, అప్పుడైనా నడిచేది కాదేమో అనుకోవచ్చు. తను చెప్పింది నిజమే అయి ఉండవచ్చు. నడిస్తే మాత్రం, ఏడేళ్లు ఒక మనిషి అడిగిన ఒక్క కోరికను చేతిలో పెట్టుకొని ఇవ్వనట్టు. అయినా ఆ చప్పుడు వినాలని కూడా ఉంది. ఈ మధ్య రొట్టెలు చేస్తూ ఎంత గుర్తు చేసుకున్నా అది చెవికి రావడం లేదు. ఊళ్లోని ట్రాక్టర్ల చప్పుడు వచ్చి దాని మీద కూర్చుంటోంది.

అతను ఒక్కొక్కటే విప్పాడు. కార్బురేటర్‌లో మిగిలిన పెట్రోలు ఎండి ముదురు పాకంలా పట్టుకుంది. పిస్టన్ కదలలేదు, ప్లగ్గు తీసి ఆ బెజ్జంలో డీజిలు పోసి, నాననివ్వాలన్నాడు. చివరికి కింది భాగం విప్పి రబ్బరు చక్రం తీశాడు. దాని రెక్కలు అప్పడాల్లా పెళుసెక్కి, వేలు పెట్టగానే విరిగాయి.

అది దొరకదు కదా అంది దేవకి.

"ఎందుకు దొరకదు? నిజామాబాద్‌ల మావోడున్నడు. ఫోన్ కొడితే బస్సుల పంపుతడు. నాలుగు దినాలు."

"ముందుగాల సుత దొరుకుతుండెనా?"

"ఎప్పుడూ దొరుకుతుండె బాయీ."

ఆమె చాయ్ పెడతానని లోపలికి పోయి చాలాసేపు బయటికి రాలేదు.

ఐదో రోజు అతను కొత్త చక్రంతో, కొత్త తాడుతో వచ్చాడు. పిస్టన్ వదులైంది. వాకిట్లో డ్రమ్ము పెట్టి, బావి నీళ్లతో నింపారు. నీళ్లలో మునగకుండా ఈ మోటారును నడిపితే వేడెక్కి చెడిపోతుంది. డ్రమ్ము అంచుకు చెక్క కట్టి, మోటారును బిగించి, పెట్రోలులో నూనె కలిపి పోశాడు. తాడు పిడి పట్టుకున్నాడు.

"ఆగు తమ్మీ," అంది దేవకి.

అతను ఆగాడు.

ఆమె మాటలు వెతుక్కుంది. పిల్లలకు తప్పు ఒప్పుకోవడం నేర్పేటప్పుడు ముందు ఏం చేశావో చెప్పు, ఎందుకో తర్వాత అనేది. అదే వరుసలో చెప్పింది. "మీ అన్నకు నేను అబద్ధం జెప్పిన. నువ్వు అచ్చి సూసినవని, సామాన్ దొరకదన్నవని. నీ పేరు పెట్టి జెప్పిన. మోటార్ మోగితే మంచం మీద ఉండడని భయమయ్యింది."

సూర్యకాంత్ పిడి వదిలి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతులనే మళ్లీ తుడిచాడు.

"నాకెరుకే బాయీ."

దేవిదాస్ జబ్బు పడ్డ రెండో ఏడు దివాళికి అతను పలకరించడానికి వచ్చాడు. దేవకి వంటింట్లో ఉంది. మోటారు చూసినవటగా అని దేవిదాస్ అడిగితే, నేనెప్పుడు చూసిన అన్నా అని ఇతను నోరు జారాడు. దేవిదాస్ కాసేపు అతని మొహం చూసి, ఉన్న సగం మూతితోనే నవ్వడం మొదలుపెట్టాడట. కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడట.

"ఏమన్నడు?" అంది దేవకి.

"అనాల్నా బాయీ?"

"అను."

"బాయికి అబద్ధమాడుడు రాదుర. బతుకుల గీ ఒక్కటే నేర్చుకున్నది, గది సుత నా కోసం. ఉండనీ, నువ్వేం జెప్పకు. అన్నడు."

దేవకి డ్రమ్ము అంచు పట్టుకుంది. ఆ తర్వాత ఐదు మిరుగులు. ఐదు సార్లూ తెలిసే అడిగాడు. తను గడప దగ్గర నిలబడి హైదరాబాద్ పేరు చెబుతుంటే, నాగపూర్ పేరు చెబుతుంటే, ఆయన మంచం మీది నుంచి చూస్తూ ఉండి ఉంటాడు. ఎట్లా చూశాడో ఆమెకు తెలియదు. ఒక్కసారి కూడా తలెత్తలేదు.

"గుంజు," అంది.

మొదటి గుంజుకు ఏమీ లేదు. నాలుగోసారి దగ్గింది. అతను ఏదో మీట సవరించి, కాలు డ్రమ్ముకు తన్నిపెట్టి లాగాడు. మళ్లీ లాగాడు. తొమ్మిదో గుంజుకు అందుకుంది. నీలం పొగ ఒక్కసారిగా లేచి వాకిలంతా కమ్మింది. డ్రమ్ములో నీళ్లు సుడి తిరిగి అంచు దాటాయి. మోటారు పక్క నుంచి సన్నటి నీటిధార బయటికి దూకింది; కొత్త చక్రం నీళ్లు లాగుతోందన్నమాట. సూర్యకాంత్ ఆ ధార కింద అరచెయ్యి పెట్టి ఆమె వైపు చూశాడు.

అదే చప్పుడు. నది మీద దూరం నుంచి కాకుండా ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ వినలేదు గాని, అదే. మధ్య మధ్య ఒక దెబ్బ తప్పి మళ్లీ అందుకోవడం కూడా.

బంద్ చెయ్యవద్దని చేత్తో సైగ చేసి ఆమె ఇంట్లోకి పోయింది.

మంచం మాఘం నుంచి అట్లాగే ఉంది. పరుపు చుట్టి గోడకు ఆనించింది గాని, ఆ నులక మీద ఆమె ఇంతవరకు కూర్చోలేదు. కూర్చుంది. ఆయన తల ఉండే వైపు వాలింది. ఇక్కడికి చప్పుడు మెత్తబడి వస్తోంది, కొంత గోడలోంచి, కొంత కిటికీలోంచి. అలమారలో స్టీలు పళ్లేలు సన్నగా అదురుతున్నాయి. ఇక్కడి నుంచి కొట్టం కనపడదు, నది కనపడదు. కనపడేది గడప ఒక్కటే. బయటి వెలుతురు దాని మీద పడి, అక్కడ ఎవరు నిలబడ్డా మొహం, చేతులు, కొంగు వేలికి చుట్టుకోవడం, అన్నీ తెలిసిపోయేంత స్పష్టంగా ఉంది.

ఆమె ఆ గడప వైపే చూసింది.

బయటి నుంచి సూర్యకాంత్ గొంతు పెంచి, ఆపనా అని అడుగుతున్నాడు. పెట్రోలు అయిపోయేదాకా నడవనీ అంది. అది అతనికి వినపడేంత గట్టిగా అంది. ఆ తర్వాత మాట మామూలు గొంతుతోనే అంది, ఇంట్లో మనిషికి జవాబు చెప్పినట్టు, తల వంచకుండా.

"అచ్చింది."