బావర్చీ ముక్కు

అచ్చంపేటలో ఎవరింట్లో నికా తారీఖు పెట్టుకోవాలన్నా, ముందు బావర్చీ బాబా ఖాళీగా ఉన్నాడో లేడో కనుక్కునేవాళ్లు. ఆయన బిర్యానీకి గడియారం అక్కర్లేదు. డేక్సా మూత చుట్టూ గోధుమపిండి పూసి, పైన నిప్పులు పోసి, పక్కన కూర్చుంటాడు. కాసేపటికి పిండి ఎక్కడో ఒకచోట పగిలి సన్నగా ఆవిరి వదులుతుంది. అక్కడ ముక్కు పెట్టి పీల్చి, "ఖోలో" అంటాడు. ఆ మాట వచ్చేదాకా పెళ్లికూతురు తండ్రి అయినా మూత మీద చెయ్యి వేయడానికి లేదు. ఉడికిందా అని అడగడానికీ లేదు. అడిగితే బాబాకు ఎక్కడలేని కోపం.

అలాంటి ముక్కు మూసుకుపోయింది. మొదట పడిశం అనుకున్నారు. పడిశం పోయింది గానీ కనుబొమ్మల మధ్య బరువు పోలేదు, వాసన తిరిగి రాలేదు. ఈ సంగతి భార్య మున్నీబీకి తప్ప మూడో మనిషికి తెలియదు. తెలిస్తే ఇంకేముంది, వాసన పట్టలేని బావర్చీని పిలిచేదెవరు? చుట్టాలింటికని చెప్పి ఇద్దరూ నాగర్‌కర్నూల్ దవాఖానకు పోయారు.

డాక్టరమ్మ చూసి సైనస్ అంది. కాచి చల్లార్చిన నీళ్లలో కాస్త ఉప్పు కలిపి ముక్కు కడుక్కోమంది. ఆవిరి పట్టమంది. నీళ్లు బాగా తాగమంది. అన్నిటికంటే ముందు పొగకు దూరంగా ఉండమంది.

"పొయ్యి కాడ కూసునేటోన్ని పొగ వద్దంటె ఎట్లమ్మా?" అన్నాడు బాబా.

"కొన్నాళ్లు పని మానెయ్యి" అందామె. ఆమె మాత్రం ఏం చెబుతుంది పాపం! పని మానేసి ఎట్లా బతకాలో దవాఖానలో చెప్పరు కదా.

డాక్టరమ్మ చెప్పినవన్నీ మున్నీబీ తప్పకుండా చేసింది. పొద్దున్నే ముక్కు కడిగించేది. సాయంత్రం నీళ్లలో వాము వేసి మరిగించి, ముందు పెట్టి, దుప్పటి కప్పేది. "బతుకంత ఆవిర్లనే ఉన్న, ఇంకేం ఆవిరే" అని విసుక్కుంటూనే బాబా కూర్చునేవాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆమె ఆగలేదు. తన తల్లి చేసినట్టు పసుపుకొమ్ము కాల్చి ఆ పొగ పీల్పించింది. జుమేరాత్ వస్తే, అంటే ప్రతి గురువారం, నిప్పుల మీద ఊదు వేసి ఇల్లంతా పొగ నింపేది. "గిది దవా పొగ, కట్టెల పొగ గాదు" అనేది. ఏ పొగ మంచిదో ఏ పొగ చెడ్డదో ముక్కుకేం తెలుసు?

ఇక రోజూ పరీక్ష. ఆయనను కళ్లు మూసుకోమని, ముక్కు కింద ఏదో ఒకటి పెట్టి అడిగేది. చాలా రోజులు ఆయన తల అడ్డంగా ఊపాడు. ఒకరోజు మాత్రం "పుదీన" అన్నాడు. మున్నీబీకి ప్రాణం లేచొచ్చింది. మర్నాడు "జీలకర్ర" అన్నాడు. ఆమె వంటింట్లోకి పోయి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆ ధైర్యంతోనే ఉప్పునుంతలలో తౌఫీక్ బిడ్డ పెళ్లి వంటకు ఒప్పుకున్నారు.

పెళ్లిరోజు బాబా డేక్సాను దమ్ముకు పెట్టి కూర్చున్నాడు. కొంచెం దూరంలో మున్నీబీ, కూలికి వచ్చిన ఎస్తేరమ్మ పెరుగుపచ్చడికి ఉల్లిగడ్డలు కోస్తున్నారు. ఎస్తేరమ్మ కత్తి ఆపి తలెత్తింది.

"అక్కా, మాడినట్టు లేదా?"

మున్నీబీకీ వచ్చింది వాసన. గబుక్కున మొగుడి వైపు చూసింది. ఆయన పిండి పగిలిన చోట ముక్కు ఆనించి, కళ్లు మూసుకుని పీలుస్తున్నాడు. ముఖంలో తొందర లేదు. తనకే వచ్చిన వాసన ఆయనకు రాకుండా ఉంటుందా? పుదీన చెప్పిన ముక్కు, జీలకర్ర చెప్పిన ముక్కు!

"నువ్వూకో. మా ఇంటాయన ముక్కు కంటె నీ ముక్కు గొప్పదా? పొయ్యిల ఏమన్న పడ్డదేమో."

"నాకేంది అక్కా, అనిపిస్తె చెప్పిన" అని ఎస్తేరమ్మ మళ్లీ కత్తి పట్టింది.

వాసన ముదిరింది. పందిట్లో కూర్చున్నవాళ్లు తలలు తిప్పారు. తౌఫీక్ వచ్చి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. ఏమైనా అడుగుదామంటే బాబా కోపం తెలిసినవాడే. బాబా కళ్లు తెరవకుండానే "ఇంక జరసేపు" అన్నాడు. అందరికీ ముక్కులున్నాయి. అందరూ ఆయన ముక్కునే నమ్ముకున్నారు.

చివరికి "ఖోలో" అన్నాడు. మూత తీయగానే మాడు కంపు గుప్పుమంది. దగ్గరున్నవాళ్లు కొంగులు, రుమాళ్లు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. బాబా మాత్రం ఆ ఆవిరిలోకి వంగి నిండుగా పీల్చి, నవ్వు ముఖంతో లేచాడు.

"మస్తు కుదిరింది, తౌఫీక్ భాయ్."

ఆయన గరిటె అడుగుదాకా దించి పైకి తీశాడు. నల్లగా వచ్చింది. అప్పుడు తెలిసింది ఆయనకు, కళ్లతో.

తౌఫీక్ తిట్టినా బాగుండేది. "భాయ్, నీకు వాసన రాలేదా?" అని మాత్రం అడిగాడు. ఆ మాట వీళ్లిద్దరి కంటే ముందే అచ్చంపేట చేరింది.

సాయంత్రం బాబా గడప మీద కూర్చుని తనంతట తానే చెప్పాడు.

"పుదీన మీసానికి తగిలింది మున్నీ, తడితడిగ. జీలకర్రేమొ నీ గుప్పిట్ల గలగలమన్నది. వాసన ఎన్నడొచ్చింది నాకు? నువ్వు గంత ఆశతోని సూస్తుంటివి. ఏం జెయ్యాలె? చెప్పిన."

మున్నీబీకి ఆయన మీద కోపం రాలేదు. ఎస్తేరమ్మ అన్నప్పుడే లేచి మూత తీయించి ఉంటే సగం డేక్సా అన్నా దక్కేది, ఈ మనిషి పరువు దక్కేది. పనిచేసే ముక్కు తన ముఖాన ఉండి ఏం లాభం? కుమిలిపోయింది.

అయినా పొయ్యి వెలిగించింది. నీళ్లు మరిగాక రోజూ కంటే ఎక్కువే వాము వేసింది. ఆ వాసన ఇల్లంతా నిండి వాకిట్లోకి పోయింది. గిన్నె తెచ్చి ముందు పెట్టి దుప్పటి కప్పింది. ఆయన లోపల చాలాసేపు పీల్చాడు.

"మున్నీ" అన్నాడు. "ఇయ్యాల వాము ఏసినవా?"

మున్నీబీ అరచేతికి అంటుకున్న వాము గింజలను కొంగుకు తుడుచుకుంది.

"లేదు. మర్చిపోయిన."

"గదే, నేనూ గదే అనుకున్న" అన్నాడు బాబా దుప్పటి లోపలి నుంచి.