చిల్లుల్లేని సర్వపిండి

బుధవారం పదకొండు గంటలకు కల్పలత ఫోన్ చేసి, "అక్కా, నీది తీసుకున్నం!" అనగానే పొయ్యి మీద పప్పు ఉందన్న సంగతే మరిచిపోయాను. పద్మారావు నగర్‌లో మా అపార్ట్‌మెంట్ ఆడవాళ్ళం కలిసి ఒక పుస్తకం వేస్తున్నాం. ఒక్కొక్కరూ తమ ఇంటి వంటకం ఒకటి తీసుకుని, దాని చుట్టూ నడిచిన తమ బతుకు గురించి మూడు పేజీలు రాయాలి. కల్పలత సంపాదకురాలు. కాలేజీ పత్రికలో ఒక వ్యాసం వచ్చాక ఇరవై ఆరేళ్ళుగా నా పేరు అచ్చులో చూసుకోలేదు. కుక్కర్ కూత పెడుతూనే ఉంది. ఎన్నో కూతో లెక్క తప్పింది.

"ఒక్కటే చిన్న తక్లీఫ్," అంది కల్పలత. "పుస్తకంల రెండే సెక్షన్లు. ఒకటి తెలంగాణ, ఒకటి కోస్తా. నువ్వేమో సర్వపిండి అని రాసినవ్. అందుల మినప్పప్పు రుబ్బి కలిపినవ్, వేలెడు మందం పెట్టినవ్, చిల్లులు సుత లేవు. గిది చూస్తే మా వరంగల్ అత్తమ్మ పుస్తకం విసిరి కొడ్తది. సర్వపిండి అంటే గిన్నెకు పల్చగ ఒత్తాలె, వేలితోని చిల్లులు పెట్టాలె, చిల్లు చిల్లుల నూనె చుక్క వెయ్యాలె. గట్ల మార్చి రాయి, తెలంగాణల పెడ్త. లేకుంటే దిబ్బరొట్టె అని పేరు మార్చు, కోస్తాల పెడ్త. శనివారం అందరం చదువుకుంటం గదా, గప్పటికి ఇయ్యి. సోమవారం ప్రెస్సుకు పోవాలె."

"ఏదీ మార్చకపోతే?"

"మరి యాడ పెట్టాలక్కా? తీసేయాల్సొస్తది."

మా నాన్న రమణయ్య బొబ్బిలి దగ్గరి ఊరి నుంచి రైల్వే ఉద్యోగానికి వచ్చి అల్వాల్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నారు. అప్పటికి అమ్మకు పందొమ్మిదేళ్ళు. పక్కింటి బాలమణి పెద్దమ్మ గోడ అవతలి నుంచే సర్వపిండి ఎలా చెయ్యాలో చెప్పింది. అమ్మ విన్నదే తప్ప చూడలేదు. మూతపెట్టి సన్నని సెగ మీద కాల్చే రొట్టె అంటే ఆమెకు తెలిసింది మినప్పిండితో మందంగా వేసే దిబ్బరొట్టె ఒక్కటే. నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, వెల్లుల్లి కారం పెద్దమ్మ చెప్పినట్టే వేసింది. ఉత్త బియ్యప్పిండి విరిగిపోతుందేమోనని మినప్పప్పు రుబ్బి కలిపి, మందంగా సర్దింది. చిల్లుల సంగతి మరిచిపోయింది. అడుగు ఎర్రగా కరకరలాడుతూ, లోపల మెత్తగా వచ్చింది. పక్కన బెల్లం ముక్క పెట్టింది.

నేను అది తిని పెరిగాను. బళ్ళో డబ్బా తెరిస్తే "గిదేం సర్వపిండే?" అని నవ్వేవాళ్ళు. వేసవిలో బొబ్బిలి వెళితే మావయ్య కొడుకు కన్నబాబు "హైదరాబాదు రొట్టి వచ్చింది!" అని వీధంతా వినబడేలా అరిచేవాడు. రెండు చోట్లా డబ్బా మాత్రం ఖాళీగానే తిరిగొచ్చేది. ఇదంతా వ్యాసంలో రాశాను.

గురువారం ఇంట్లో అందరూ వెళ్ళాక మార్చి రాయడానికి కూర్చున్నాను. రొట్టె పల్చగా ఒత్తి చిల్లులు పెట్టాను. తరవాతి పేరాలో బడి పిల్లలు నవ్వడానికి కారణం లేకుండా పోయింది. అది కొట్టేసి దిబ్బరొట్టె అన్నాను. బాలమణి పెద్దమ్మకు నా వ్యాసంలో పని లేకుండా పోయింది. రెండు కాగితాలూ చింపేసి అమ్మకు ఫోన్ చేశాను.

"ఏటే, నా తప్పు పుస్తకంలో ఎక్కించీసేవా?" అంది అమ్మ. "ఆ రోజు బాలమణి వదిన తింటూ ఒకటే నవ్వు. ఇప్పుడు మీ అపార్ట్‌మెంటోళ్ళంతా నవ్వాలేటి? తీయించీ."

పెద్దమ్మ మెచ్చుకుంటూ తిన్నదని రాశాను నేను. "నవ్వి, ఏమంది?"

"ఏటీ అన్లేదు. రెండు ముక్కలు కొంగులో కట్టుకుని ఎల్లిపోనాది."

నవ్విన మనిషి ముక్కలు ఎందుకు పట్టుకెళ్ళింది? అడగకుండా ఒక్క వాక్యం కూడా అచ్చుకు ఇవ్వలేననిపించింది. శుక్రవారం పొద్దున్నే అల్వాల్‌లో అమ్మ ఇప్పటికీ ఉంటున్న ఆ ఇంటికి వెళ్ళాను. అమ్మ మూతి ముడుచుకునే నాతో పాటు పక్కింటికి వచ్చింది.

"నవ్వనా మరి?" అంది పెద్దమ్మ. "సర్వపిండి చెయ్యమంటే మీ అమ్మ పరుపు చేసింది!"

"చూసేవా? నే చెప్పలేదా?" అమ్మ లేచింది.

"జెర కూసో వదినె. గప్పుడు మా మామకు పండ్లన్నీ ఊడినయ్. సర్వపిండి కావాలంటుండె, కొరకరాక యాష్టపడుతుండె. నీ రొట్టె రెండు ముక్కలు వట్కపోయి పెట్టిన. పొల్లు మిగిల్చలే. తెల్లారి సంది నీ చెయ్యి జూస్కుంట మా ఇంట్ల సుత గదే షురూ. మా కోడలు జనగామ పిల్ల, దానికి సుత గదే నేర్పిన."

అమ్మ మళ్ళీ కూర్చుంది. "నలభై తొమ్మిదేళ్ళు! తప్పని ఒక్క మాట చెప్పలేదేటి?"

"చెప్తే నువ్వు సక్కగ చేస్తుంటివి. మరి మా మామ ఏం తినాలె?"

అమ్మకు నవ్వు ఆగలేదు. పెద్దమ్మ భుజం మీద ఒకటి చరిచింది. వీధి గుమ్మం దగ్గర నా చెయ్యి పట్టుకుని, "రాసీ. నా పేరు ఇంటిపేరుతో సహా రాయి," అంది.

ఆటోలోనే రాయడం మొదలుపెట్టాను. అక్షరాలు గతుకులకు ఎగిరిపడుతున్నాయి, నేనూ ఎగిరిపడుతున్నాను.

శనివారం సాయంత్రం కల్పలత హాల్లో పదకొండు మందిమి చేరాం. "నేను చిల్లులు పెట్టలేదు, పేరూ మార్చలేదు. విన్నాక తీసేస్తే తీసేయి," అని కల్పలతతో చెప్పి చదివాను. ఒక్క మాట కూడా మింగలేదు. పెద్దమ్మ మామగారి దగ్గరికి వచ్చేసరికి అందరూ పడీపడీ నవ్వారు. కల్పలత నవ్వుతూనే తల పట్టుకుంది.

"మంచిగున్నదక్కా. కానీ యాడ పెట్టాలె?"

రెండో అంతస్తు శ్రీలేఖ గొంతు సవరించుకుంది. "నన్ను కోస్తాలో పెట్టావు కదా? నా గోంగూర పచ్చట్లో నువ్వుల పొడి ఉంటుంది. మా అత్తగారిది కరీంనగర్. కోస్తా పచ్చడికి బాగోదని ఆ సంగతి రాయలేదు. ఇప్పుడు రాస్తాను."

"మా క్రిస్మస్ బిర్యానీ ఏ సెక్షనో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు," అంది ఎలీనా.

ఇక అందరూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"ఆగుండ్రి! పరేషాన్ చెయ్యకుండ్రి!" కల్పలత విషయసూచిక కాగితం తీసుకుని రెండు శీర్షికలనూ అడ్డంగా కొట్టేసింది. "సెక్షన్లు లేవు. మరి వరస ఎట్ల? వయసు ప్రకారం?"

"వద్దు!" అందరం ఒక్క గొంతుతో అరిచాం.

"అయితే ఫ్లాట్ నంబర్ల ప్రకారం."

దానికి వంక పెట్టడం ఎవరికీ చేతకాలేదు. నేను మనసులో లెక్కపెట్టుకున్నాను. మాది నూట ఒకటి. పుస్తకం తెరవగానే మా రొట్టే!

"ప్రూఫులు ఎవరు చూస్తరు?" అంది కల్పలత.

నా చెయ్యి అప్పటికే లేచి ఉంది.