నా కుళాయి ఏ ఊరిది?

నేను ఒక నీళ్ల ట్యాంకరుని. కనిగిరి దారిలో ఒక షెడ్డులో, వెల్డింగు నిప్పురవ్వల మధ్య పుట్టాను. విడివిడిగా కొనే స్తోమత లేక పాలగుంట, ఎర్రమిట్ట పంచాయతీలు కలిసి నన్ను కొన్నాయి. కొన్నంత సులువుగా పేరు రాయించలేకపోయాయి. ఎవరి పేరు ముందుండాలో తేలక, చివరికి నా ఎడమవైపు పాలగుంట, కుడివైపు ఎర్రమిట్ట అని రాయించారు.

రోజు విడిచి రోజు ఒక్కో ఊరికి వెళ్తాను. ఏ ఊళ్లో ఆగితే ఆ ఊరి పేరు వీధివైపు కనబడాలి. తిరగేసి నిలబెడితే నీళ్లు చప్పగా ఉన్నాయంటారు!

పాలగుంట మాల్యాద్రి తన కూతురు ఝాన్సీని ఎర్రమిట్ట అబ్బాయికి ఇచ్చాడు. పెళ్లి పాలగుంటలో, ముహూర్తం మాత్రం ఎర్రమిట్ట వంతు రోజున పడింది. ఆ పొద్దునే పాలగుంట బోరు మోటారు కాలిపోయింది. వంటవాళ్లు ఖాళీ గంగాళాల ముందు చేతులు కట్టుకుని కూర్చున్నారు.

ఎర్రమిట్ట సర్పంచి సుబ్బరత్తమ్మ పెళ్లికొడుక్కి పెద్దమ్మే. మాల్యాద్రి అడగ్గానే ఫోను చేసి నన్ను రప్పించింది. ఊరుకుంటే బాగుండేది.

"ఏం అన్నయ్యా, మా వంతు నీళ్లతో మా పిల్లోడి కాళ్లు కడిగి, కన్యాదానం చేశామంటారా?"

మగపెళ్లివారంతా నవ్వారు. మాల్యాద్రి ముఖం మాడిపోయింది.

"అయితే వద్దులే చెల్లెమ్మా. తీసకపోండి," అంటూ నన్ను వెనక్కి తిప్పమని డ్రైవరుకు చెయ్యి ఊపాడు.

ఇంజను స్టార్టయింది. అంతలో పసుపు కాళ్లతో, చంకలో బిందెతో ఝాన్సీ వచ్చి నా వెనక నిలబడింది.

"అత్తా, పేర్లు రెండు పక్కలా ఉండాయి. కుళాయేమో నడిమధ్యన ఉంది. ఇందులో మీ నీళ్లేవో మా నీళ్లేవో మీరే ఏరి పెట్టండి."

సుబ్బరత్తమ్మ నా చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. నవ్వు ఆపుకోలేకపోయింది.

"నోరుగల పిల్లనే తెచ్చుకుంటుండాం. బిందె ఇటివ్వమ్మా," అని, కాళ్లు కడిగే నీళ్లు తనే పట్టి మాల్యాద్రి చేతికిచ్చింది.

ఆ తర్వాత రెండు పంచాయతీలూ కూర్చుని ఒక మాట అనుకున్నాయి. వంతు ఎవరిదైనా, పెళ్లి ఉన్న ఊరికే నేను వెళ్లాలి.

ఇప్పుడు ఎర్రమిట్టలో ఝాన్సీ నా దగ్గరికి బిందె తెస్తుంది. వెంట మొగుడూ వస్తాడు. తనే మోస్తానని లాక్కుని సగం ఒలకబోస్తాడు. ఇద్దరూ తడిసి నవ్వుకుంటారు.

మొన్న డ్రైవరు నన్ను తిరగేసి నిలబెట్టాడు. వీధివైపు పాలగుంట పేరే కనబడింది. నీళ్లు చప్పగా ఉన్నాయని ఒక్కరూ అనలేదు.