సతీశ్ సారు బోర్లా తేలిన వైనం

ఎల్లారెడ్డిలో ఒక ప్రైవేటు బడికి సతీశ్ ఆటల మాస్టరు. ఉద్యోగానికి పెట్టుకున్న దరఖాస్తులో కబడ్డీ, ఖోఖోల పక్కన ‘ఈత’ అని కూడా రాసుకున్నాడు. ఎనిమిదేళ్లు దాని ఊసు ఎవరూ ఎత్తలేదు. ఈ ఎండాకాలం పిల్లలకు ఈత నేర్పించాలని యాజమాన్యానికి బుద్ధి పుట్టింది. తీరా చూస్తే అతనికి ఈతే రాదు. తెలిసినవాళ్లెవరూ ఉండరని ఆదివారం పొద్దున్నే బస్సెక్కి నేర్చుకోవడానికి కామారెడ్డి పోయాడు.

ఊరి బయటి స్విమ్మింగ్ పూల్ చూడగానే అతని మూతి వంకరపోయింది. అక్కడ నేర్పే హనుమాండ్లును చూశాక ఇంకా వంకరపోయింది. అరవై ఏళ్ల మనిషి, మోకాళ్లపైకి కట్టిన లుంగీ, మెడలో ఈల. వయసులో ఉన్నప్పుడు పోచారం చెరువులో చేపలు పట్టేవాడట. డిగ్రీ చదివి, ఆటల్లో ట్రైనింగు చేసిన తనకు ఈ వలలవాడు గురువా!

“చేతులు ముంగటికి చాపు. మొకం నీళ్లల్ల పెట్టు. కాళ్లు ఇడిసిపెట్టు. నీళ్లే లేపుతయి,” అన్నాడు హనుమాండ్లు.

పక్కనే బట్టల దుకాణం ముక్తార్ సేటు కూడా కొత్తగా నేర్చుకుంటున్నాడు. పెద్ద బొజ్జ. మొదటిసారే బెండులా తేలాడు. ‘కొవ్వు తేలకేమవుతుంది’ అనుకుని సతీశ్ తానూ వాలాడు. గడ్డం పైకే పెట్టాడు. కాళ్లు రాళ్లలా అడుగుకు పోయాయి. గుక్కెడు నీళ్లు మింగి, దగ్గుతూ లేచాడు.

మూడు ఆదివారాలు ఇదే తంతు.

“ఎవలన్న సూస్తున్నరా అని తల లేపుతున్నవ్ సారూ. తల లేస్తే కాళ్లు మునుగుతయి. నిన్నెవలు సూస్తలేరు,” అన్నాడు హనుమాండ్లు.

“నాకు చెప్తున్నవా? ఎనిమిదేండ్ల సంది పిల్లలకు నేర్పుతున్న.”

“ఏం నేర్పుతున్నవ్?”

“ఆటలు.”

“మరి పొయ్యి ఆడుకో.” హనుమాండ్లు చాయ్ తాగడానికి వెళ్లిపోయాడు.

నాలుగో ఆదివారం ముక్తార్ సేటు దగ్గరికొచ్చాడు. “మాస్టర్ సాబ్, కడుపు కింద చెయ్యి పెడుతా. పరేషాన్ గాకుండ్రి.”

బట్ట ముక్కలు కొలిచేవాడు కూడా తనకు చెయ్యిస్తున్నాడు! ఒళ్లు మండిపోయింది సతీశ్‌కు. కానీ పిల్లల క్లాసుకు వారమే ఉంది. పళ్లు కొరుక్కుని మొహం నీళ్లలో పెట్టాడు. అడుగున పరిచిన నీలం పలకలు కదులుతూ కనిపించాయి. చెవుల్లో నీళ్లు నిండి, అందరి మాటలూ ఆగిపోయాయి. సేటు చెయ్యి ఎప్పుడు తీశాడో తెలియలేదు. కాళ్లు వాటంతటవే లేచాయి.

“తేలిన! సూసినవా?” లేస్తూనే అరిచాడు.

“ఆరేండ్ల పోరగాండ్లు గూడ తేలుతరు సారూ,” అని హనుమాండ్లు అటు తిరిగాడు.

మర్నాడు స్టాఫ్‌రూములో లెక్కల టీచరు ఆశ్రిత అడిగింది. “పిల్లలకు మీరే నేర్పుతరా సార్?”

“నీళ్లల్ల దిగి నానే పని మనదా మేడమ్? కామారెడ్డి పూల్ కాడ ఒక ముసలోడున్నడు, వానికి అప్పజెప్తం. నేను గట్టు మీదకెల్లి సూసుకుంట.”

ఆ మాట హనుమాండ్లు దాకా ఎవరు మోశారో గానీ, శనివారం నలభై మంది పిల్లలు బస్సు దిగి గట్టు మీద కూర్చోగానే అతను ఈల ఊదాడు.

“ముందుగాల మీ సారు చేసి సూపిస్తడు. మంచిగ సూడుండ్రి.”

సతీశ్ చొక్కా విప్పి దిగాడు. వచ్చింది ఒక్కటే. చేతులు చాపి బోర్లా వాలాడు. తల లేపితే కాళ్లు మునుగుతాయి, బతుకు బయటపడుతుంది. అందుకని ఊపిరి బిగబట్టగలిగినంతసేపూ పలకలనే చూస్తూ ఉండిపోయాడు. ఇక ఆగలేక లేస్తే పిల్లలు చప్పట్లు కొడుతున్నారు.

“సారుకు గింతే వచ్చు,” అన్నాడు హనుమాండ్లు తాపీగా. “ఇగ మీరు దిగుండ్రి.”

సతీశ్ మొహం తుడుచుకున్నాడు. ‘చేపలోడు!’ అని కసిగా అనుకున్నాడు. అయినా పిల్లల వెనక వరుసలో పోయి నిలబడ్డాడు.