లేబర్ రూమ్‌లో బ్రదర్

అంబులెన్స్‌లో ఏడేళ్ళు పనిచేసిన నర్సు అతను. డ్రైవర్ నుంచి డాక్టర్ దాకా అందరికీ ‘బ్రదర్’. పీజీ నర్సింగ్ ప్రవేశ పరీక్షలో అతనికి మూడో ర్యాంకు వచ్చింది.

“ఇంకేం, ఐసీయూ కోర్సు తీసుకో. దర్జాగా ఉంటుంది,” అన్నారు మామగారు.

“ప్రసూతి తీసుకుంటున్నా, మావయ్యా.”

ఆయన కాఫీ కప్పు కిందపెట్టి పొట్ట పట్టుకుని నవ్వారు. “మా అల్లుడు మంత్రసాని అని చెప్పుకోవాలా నేను?”

“చెప్పుకోండి నాన్నా, తప్పేముంది?” అంది అతని భార్య. ఆమె నవ్వలేదు. అతను ప్రసూతి ఎందుకు ఎంచుకున్నాడో ఆమెకు తెలుసు.

రెండేళ్ళ కిందట, రైల్వే గేటు దగ్గర ఆగిపోయిన అంబులెన్స్‌లో ఒక టైలరమ్మకు కాన్పు అయింది. పిల్ల కేర్‌మంది. తల్లికి రక్తం ఆగలేదు. పుస్తకంలో చదివిందంతా చేశాడు. ఆ పని చెయ్యి పట్టుకుని నేర్పినవాళ్ళు మాత్రం లేరు. నర్సింగ్ చదివే రోజుల్లో మగపిల్లల్ని లేబర్ రూమ్ గుమ్మం దాటనిచ్చేవారు కాదు. గేటు లేచేసరికి ఆమె చెయ్యి చల్లబడిపోయింది. ఇంటికొచ్చి అతను భార్యతో ఒకటే మాట అన్నాడు: “నాకు నేర్పి ఉంటే బతికేది.”

కౌన్సెలింగ్ రోజు అతని ఫారం చూసి గుమాస్తా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “పొరపాటున రాసినట్టున్నావు బాబూ.”

“లేదండీ, తెలిసే రాశాను.”

ఫారం ప్రిన్సిపాల్ మేడమ్ దగ్గరికి వెళ్ళింది. ఆవిడ తల కూడా ఎత్తలేదు. “మగవాళ్ళకి ప్రసూతి ఇవ్వం. మంచి ర్యాంకు, పాడుచేసుకోకు.”

“ఇవ్వకూడదని ఎక్కడుంది మేడమ్?”

“ఎక్కడా ఉండక్కర్లేదు. ఎవరూ అడగరు కాబట్టి రాయలేదు.”

“ఇప్పుడు నేను అడుగుతున్నాను కదా. మగవాడు కాబట్టి ఇవ్వలేదని ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసివ్వండి. మారు మాట్లాడకుండా వెళ్ళిపోతాను.”

ఆవిడ పెన్ను తీశారు. తెల్లకాగితం మీద ఆనించి, మళ్ళీ ఎత్తేశారు. వెనక వరుసలో జనం గొణుగుతున్నారు. అతను కదల్లేదు.

“మొండిఘటానివి,” అని చివరికి ఫారం మీదే సంతకం పెట్టారు. “ఒక్క ఫిర్యాదు వచ్చిందా, నీ సంగతి చెప్తా.”

లేబర్ రూమ్‌లో మొదటిరోజే ఒకామె అతన్ని చూసి, “వద్దు, ఈయన వద్దు,” అంది. “సరేనమ్మా,” అని వెంటనే బయటికొచ్చేశాడు. కారిడార్‌లో తోటి విద్యార్థినులు ముసిముసిగా నవ్వుకున్నారు. ముఖం కందిపోయింది గానీ, మళ్ళీ చేతులు కడుక్కుని పక్క మంచం దగ్గరికెళ్ళి అడిగాడు. “నేను ఉండొచ్చా అమ్మా?”

ఆ అమ్మాయి నోరు తెరిచేలోపే అత్తగారు అడ్డుపడింది. “మగాడా! ఇదెక్కడి చోద్యం!”

“అత్తయ్యా, నొప్పులు నాకొస్తున్నాయి,” అంది అమ్మాయి పళ్ళ బిగువున. “ఉండమనండి ఆయన్ని. మీలాగా కంగారుపడట్లేదు.”

గంటన్నరకి ఆడపిల్ల పుట్టింది. పక్కనే నిలబడి సీనియర్ సిస్టర్ ఒక్కో పనీ చెబుతుంటే అతను చేశాడు; ఆవిడ చెయ్యి పెట్టాల్సిన అవసరం ఒక్కసారి కూడా రాలేదు.

నెలాఖరున ప్రిన్సిపాల్ మేడమ్ పిలిపించారు. ముందున్న కాగితం చూస్తూ, “నలుగురు వద్దన్నారట,” అన్నారు.

“అవును మేడమ్. పదకొండుమంది సరేనన్నారు.”

“ఆ నలుగురి దగ్గర ఏం చేశావు?”

“బయటికొచ్చేశాను. వద్దనే హక్కు వాళ్ళకుంది,” అన్నాడు. “మీకు మాత్రం లేదు.”

ఆవిడ అతనివైపు తేరిపార చూశారు. వచ్చే నెల డ్యూటీ చార్టు తీసి, లేబర్ రూమ్ గడిలో అతని రోల్ నంబరు తన చేత్తోనే రాశారు.