గాలి తగలని చోటు

ఐతోస్ కొండ దిగి మైదానంలోకి వచ్చేసరికి పొద్దెక్కింది. రోడ్డుకి రెండువైపులా కోతకొచ్చిన పొద్దుతిరుగుడు చేలు. పువ్వులు ఎండి నల్లబడి, తలలు నేలకేసి వేలాడదీసుకుని నిలబడ్డాయి. ఈశాన్యం నుంచి గాలి విసిరి కొడుతోంది. చేలు గలగలమంటున్నాయి. ఎదురొచ్చిన లారీ మీద టార్పాలిను ఉబ్బి పటపట కొట్టుకుంటోంది. అంత గాలిలోనూ రాలిత్స చొక్కా కాలరు కదలడం లేదు. నుదుటి మీద చెమట ఆరడం లేదు. సైకిలు పల్లంలో పోతున్నట్టు సాఫీగా పోతోంది.

ఆమె ముందు, జానెడు దూరంలో, గాలి లేని చోటు ఒకటుంది. అది ఆమెతోపాటే కదులుతోంది.

అదేమిటో సైకిలు తొక్కేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ముందొక మనిషి గాలిని చీల్చుకుంటూ పోతే, అతని వెనక చక్రాన్ని అంటిపెట్టుకుని వచ్చేవాళ్లకి చాలా శ్రమ తగ్గుతుంది. పదకొండో ఏట నుంచీ రాలిత్స తొక్కింది ఆ చాటులోనే. ముందుండేది ఆమె అన్న స్తమెన్. "నా వెనక చక్రమే నీకు దేవుడు. జానెడు దూరంలో ఉండి దణ్ణం పెట్టుకో. మీద మాత్రం పడకు," అనేవాడు.

స్తమెన్ పోయి నిన్నటికి ఏడాది.

భూమిని చుట్టి రావాలన్నది అతని ఆలోచనే. ఆరేళ్లపాటు పటాలు ముందేసుకుని దారి గీశాడు. కిందటి సెప్టెంబరులో ఒక ఉదయం ఇంట్లో ఎవరికీ చెప్పకుండా సాధనకి వెళ్లాడు. తమ ఊరు మెతొవిత్స దాటాక నాలుగు కిలోమీటర్ల దూరంలో, రాతిగని పక్కన, సైకిలుని మల్బరీ చెట్టుకి ఆనించి దాని కింద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. మే నెలలో రాలిత్స అదే సైకిలుకి సీటు కిందికి దించుకుని, అవే పటాలు పట్టుకుని దోబ్రిచ్ పట్నంలో గడియార స్తంభం దగ్గర బయల్దేరింది. పడమటికి పోయిన మనిషి ఇప్పుడు తూర్పు నుంచి తిరిగి వస్తోంది.

ఈ సాయంత్రం ఐదు గంటల ఏడు నిమిషాల లోపల ఆ స్తంభం కింద బ్రేకు వేస్తే, ఒంటరిగా భూమి చుట్టిన ఆడవాళ్లలో ఆమెకంటే వేగంగా వచ్చినవాళ్లు ఉండరు. ఇంకా నూట ఇరవై ఎనిమిది కిలోమీటర్లుంది. నిబంధనలు చాలా ఉన్నాయి గానీ అన్నిటికీ మూలం ఒక్కటే: ఎవరి వెనకా, ఎవరి చాటునా తొక్కకూడదు. చివర్లో ఆ మాట రాసి సంతకం పెట్టాలి.

మొదటిసారి ఆ చోటు ఆమెకి ఆస్ట్రేలియా ఎడారిలో దొరికింది. మూడు రోజులు ఎదురుగాలితో పెనుగులాడాక ఒక మధ్యాహ్నం గాలి ఆగిపోయింది. ఆగింది ఆమెకే. రోడ్డు పక్క గడ్డి నేలకి పడుకునే ఉంది. ఆ సాయంత్రమే చప్పుడు కూడా వినబడింది. ఆమె అలసి నెమ్మదించినప్పుడల్లా ముందునుంచి ఫ్రీవీలు టకటకమనేది. తొక్కడం ఆపి వెనకవాళ్ల కోసం చూసే సైకిలు చేసే చప్పుడది. ఆమె పుంజుకోగానే ఆగేది. ఒక పూట భయపడింది. మర్నాడు ఏడ్చింది. ఆ తర్వాత, ఎవరితోనూ చెప్పుకోని మాటలన్నీ ఆ చోటుతో చెప్పుకోవడం మొదలుపెట్టింది.

జార్జియా దాటినప్పటి నుంచి మాత్రం దాని వేగం పెరిగింది. తినడానికి ఆగితే టకటక. పడుకుంటే తల దగ్గర టకటక. విసుగెత్తిన మనిషి వేలితో బల్ల మీద కొడుతున్నట్టు. మూడు రోజులుగా రాలిత్స గంటకి మించి కన్ను మూయలేదు. కాళ్లు తనవి కానట్టు వాటంతటవే తిరుగుతున్నాయి.

ప్రొవాదియాలో ఒక బేకరీ ముందు సైకిలు గోడకి ఆనించి లోపలికెళ్లింది.

"ఒక జున్ను బనిత్స రొట్టె, ఒక మజ్జిగ ఇవ్వండమ్మా. ఈ పుస్తకంలో సంతకం కూడా పెట్టాలి."

"సంతకమా? నా బేకరీ రాయించుకుపోదామనా?" అంది బేకరీ ఆవిడ, చేతుల పిండి ఏప్రనుకి తుడుచుకుంటూ.

"నేనిటు వచ్చానని సాక్ష్యం. ఊరు, టైము, ఎంతమంది వచ్చారో రాసి, కింద సంతకం పెట్టాలి."

ఆవిడ కళ్లజోడు సర్దుకుని రాయడం మొదలుపెట్టింది. మధ్యలో తలెత్తి చూసింది. "అయ్యో, ఎముకల గూడులా ఉన్నావు కదే తల్లీ. ఒక్క ముక్క ఏ మూలకి? మరి ఆయనకొద్దా?"

"ఎవరికి?"

"బయటున్నాయనకి. లోపలికి రమ్మనరాదూ? నా మొహం చూస్తే కళ్లేం పోవులే."

రాలిత్స వెనక్కి తిరిగింది. అద్దం అవతల గోడకి తన సైకిలు ఒక్కటే ఉంది. దాని పక్కన ఇంకో సైకిలు పట్టేంత జాగా ఉంది. వీధి నిండా ఎండుటాకులు సుడులు తిరుగుతున్నాయి. ఆ జాగాలో మాత్రం ఒక ఆకు, ఎవరో అరచేత్తో మూసినట్టు, కదలకుండా పడి ఉంది.

ఆవిడ అప్పటికే పుస్తకం తిప్పి ఇటు పెట్టేసింది. 'ఎంతమంది' అన్న గడిలో రెండు అంకె వేసి ఉంది.

రాలిత్స పేజీలు వెనక్కి తిప్పింది. తుర్కీలో టీ కొట్టతను వేసింది రెండు. జార్జియాలో రొట్టెలు కాల్చే ముసలామె వేసింది రెండు. ఆస్ట్రేలియాలో పెట్రోలు బంకు కుర్రది వేసింది కూడా రెండే. దానికి ముందు పేజీల్లో అన్నీ ఒకట్లు. మొదట చూసినప్పుడు పొరపాటు అనుకుంది. తర్వాత చూడ్డం మానేసింది. ఇప్పుడైనా కొట్టేసి ఒకటి వేయమని చెప్పాలి. నోరు రాలేదు. కొట్టేయమంటే, గోడ పక్కన నిలబడ్డవాడితో నువ్వు లేవని చెప్పినట్టే.

బయటికొచ్చి, నిలబడే తింటూ, మెతొవిత్సలో ఉన్న మేనత్త యొంకకి ఫోను చేసింది. అన్నాచెల్లెళ్లిద్దరినీ పెంచింది ఆవిడే.

"ఎక్కడున్నావే?"

"ప్రొవాదియా. మూడూ మూడున్నర మధ్య మనూరొస్తా. బస్టాపు దగ్గర నిలబడు అత్తా, దారిలో ఆఖరి సంతకం నీదే."

"నిలబడకేం చేస్తాను, నాకేమన్నా నాట్యం క్లాసులున్నాయా? తిన్నావా?"

"తింటున్నా."

"మరి ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడు?"

"ఆ టకటక. నువ్వు జడేసుకునేదాకా స్తమెన్ వాకిట్లో నిలబడి పెడలు వెనక్కి తిప్పుతూ ఉండేవాడు చూడు, ఆ చప్పుడు."

రాలిత్స నమలడం ఆపేసింది.

"రాలిత్సా," అంది యొంక, గొంతు తగ్గించి. "ఆ కాగితం ఏం చేశావు?"

స్తమెన్ పోయినప్పుడు యొంక అందరిలాగే అతని ఫొటో, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ వేయించి ఇరవై కాగితాలు అచ్చొత్తించింది. మైదా ఉడికించి, గేటుకి, బస్టాపుకి, చర్చి తలుపుకి, రొట్టెల కొట్టుకి తన చేత్తో అతికించింది. ఆ తడి ఆరకముందే రాలిత్స ఊరంతా తిరిగి అన్నీ పీకేసింది. వానకి అన్న మొహం ఉబ్బిపోతే చూడలేనంది. పోయినవాడి కాగితం పీకకూడదే అని చర్చి దగ్గర ముసలివాళ్లు మొత్తుకున్నా వినలేదు. పంతొమ్మిది పొయ్యిలో పెట్టింది. నలభయ్యో రోజుకి, ఆరు నెలలకి కూడా కొత్తవి అతికించనివ్వలేదు. మిగిలిన ఒక్కటీ నాలుగు మడతలు పెట్టి సైకిలు సంచిలో దాచుకుంది. అది ఆమెతోపాటు భూమంతా తిరిగింది.

"నా దగ్గరే ఉంది."

"నాకు తెలుసే. అది ఊళ్లోవాళ్ల కోసం అనుకున్నావు. వాళ్లకి తెలీదా? శవపెట్టె మోసిందే వాళ్లు. అది పోయినవాడి కోసం. చెప్పకుండా గడప దాటినవాడు తిరిగొస్తే, బస్టాపులోనైనా చదువుకోవాలి కదా, తనెక్కడున్నాడో. వాడికెవరు చెప్పారు?"

"అత్తా, ఈ గాలిలో నన్ను ఇంటికి తెస్తోంది వాడే."

"తెస్తున్నాడో తీసుకుపోతున్నాడో. చచ్చినవాడికి అలుపుండదు పిల్లా, నీకుంటుంది. పైగా వాడి దారి ఆ మల్బరీ చెట్టు దాకానే. ఆ తర్వాత వాడికి దారి లేదు. వాడక్కడ కూర్చుంటే, జానెడు వెనక నువ్వేం చేస్తావు?"

"ఐదూ ఏడు దాకానే అత్తా. తర్వాత అతికిస్తా, ఒట్టు."

"ఆ మాట వాడికి చెప్పావా?" అని యొంక ఫోను పెట్టేసింది.

మధ్యాహ్నం గాలి ఇంకా ముదిరింది. కాకులు ఎగరలేక చేలల్లో నడుస్తున్నాయి. రాలిత్స ముందు చోటు మాత్రం కదలని నీళ్లలా ఉంది. ఒకసారి కావాలనే నెమ్మదిద్దామనుకుంది. కాళ్లు వినలేదు. ఎడమ రొమ్ము కింద సన్నగా నొప్పి మొదలైంది. "అన్నా, కాస్త మెల్లగా," అంది పైకే. జవాబుగా ముందునుంచి టకటక వినబడుతుందేమో అనుకుంది. వినబడలేదు. వేగం పెరిగింది. అతని అరచేయి వెనక నడుము దగ్గర కదులుతూ, గుంతలున్నచోట రా రా అని చూపిస్తున్నట్టు ఆమె కళ్లకి ఒక నీడ ఆడింది. చేయి చాస్తే అందేటంత దగ్గర. జానెడు కూడా లేదిప్పుడు.

మెతొవిత్స బస్టాపు దగ్గర నల్ల తలగుడ్డ కనిపించింది. యొంక ఒక చేత్తో మైదా గిన్నె, ఒక చేత్తో రాగి చెంబు పట్టుకుని రోడ్డుకి అడ్డంగా నిలబడి ఉంది. రాలిత్స రెండు చేతులా బ్రేకులు నొక్కింది. సైకిలు అత్త పాదాలకి బెత్తెడు దూరంలో ఆగింది. టకటక అత్తని దాటి నాలుగు గజాలు ముందుకెళ్లి, అక్కడ ఆగి, మొదలైంది.

టైము మూడూ ఇరవై. దోబ్రిచ్ ఇరవై రెండు కిలోమీటర్లు.

"అత్తా, ఇక్కడ ఆగితే అంతా పోయినట్టే."

"ఆగకపోతే నువ్వే పోయినట్టు. నన్ను తొక్కుకుంటూ పోతావా, పో. డెబ్బై నాలుగేళ్లొచ్చాయి, నాకూ ఒక కాగితం వేయిద్దువు గాని. నాదైనా పీకకుండా ఉంచు."

రాలిత్సకి నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. నొప్పి ఎడమ చేతిలోకి పాకుతోంది. దూరంగా రాతిగని దుమ్ము తెల్లగా లేస్తోంది. టకటక తొందరపడుతోంది. అన్న గీసిన దారి ఇంకొక్క గంటన్నర. అతని వెనక తొక్కితే ఐదుకి ముందే చేరుతుంది. అతను ఆరేళ్లు కన్న కల. లేదా అతను కూర్చున్న చెట్టు, నాలుగు కిలోమీటర్లలో.

ఆమె సైకిలు దిగింది. సంచి జిప్పు తీసి కాగితం బయటికి లాగింది. మడతలు పడ్డచోట అచ్చు చెరిగి, స్తమెన్ మొహం మీదుగా తెల్లటి శిలువ గీత పడింది. ఆమె వేళ్లతో మైదా తీసి బస్టాపు గోడకి పూసింది. కాగితం పెట్టి, మధ్యనుంచి అంచులకి అరచేత్తో నెమ్మదిగా అదిమింది.

యొంక పక్కన నిలబడి, చెవులు సరిగా వినబడనివాడికి చదివి వినిపిస్తున్నట్టు, రోడ్డు వైపు తిరిగి గట్టిగా చదివింది. "స్తమెన్ వెలికోవ్. నలభై ఆరేళ్లు. మెతొవిత్స ఊరివాడు. సెప్టెంబరు పదిహేడున మమ్మల్ని విడిచి వెళ్లాడు. చెల్లెలు, మేనత్త."

టకటక ఆగింది.

పొద్దుతిరుగుడు చేలు కూడా గలగలమనడం మానేశాయి. చూపు కాగితం మీద ఆన్చి ఎవరో నెమ్మదిగా, రెండోసారి చదువుకుంటున్నట్టుంది. రాలిత్స వెనక్కి చూడలేదు. మెడ మీద మాత్రం, ఇన్నాళ్లలో ఒక్కసారీ తగలని చల్లదనం, ఎవరో వంగినట్టు తగిలింది.

యొంక చెంబెత్తి, బయల్దేరేవాళ్లకి పోసినట్టు, రోడ్డు మీద నీళ్లు వంపింది. "ఆ రోజు నీకు పోయలేదు నాయనా. నీళ్లలా పో. అడ్డం లేకుండా పో."

నీళ్లు తారు మీద పరుచుకున్నాయి. ఆ తడిలోంచి ఒక్క టైరు గీత, సన్నగా, తిన్నగా, ఎక్కడా తడబడకుండా, రాతిగని వైపు సాగిపోయింది. మలుపు దాకా కనబడింది. చూస్తుండగానే ఆరిపోయింది.

అప్పుడు గాలి కొట్టింది. ఇన్ని వారాలుగా దాచిపెట్టిందంతా ఒకేసారి విప్పినట్టు కొట్టింది. సైకిలు పడిపోయింది. రాలిత్స బస్టాపు గోడ పట్టుకుని నిలబడి, నోరు తెరిచి గాలి మింగింది. ఎడమ చేతిలో నొప్పి లేదు.

యొంక కుళాయి దగ్గరికెళ్లి చెంబు మళ్లీ నింపుకొచ్చింది. ముందు పుస్తకంలో సంతకం పెట్టి, గడిలో ఒకటి అంకె వేసింది. తర్వాత చెంబు చూపిస్తూ అంది, "ఎక్కు. ఇది నీకు. దీన్ని మాత్రం తిరిగి రావడానికి పోస్తున్నా."

పావుతక్కువ నాలుగుకి ఆమె కదిలింది. తల వంచి, పెదాలు బిగించి తొక్కింది. మల్బరీ చెట్టు దగ్గర ఆకులు వెల్లకిలా తిరిగి తెల్లగా మెరుస్తున్నాయి. కింద ఎవరూ లేరు. చక్రం ఒక్కో చుట్టూ బండరాయి ఎత్తినట్టుగా ఉంది. ఇంత బరువు తనదేనా అని ఆమెకి ఆశ్చర్యం వేసింది.

దోబ్రిచ్ గడియార స్తంభం కింద బ్రేకు వేసేసరికి ఐదూ నలభై. పాతిక ముప్ఫై మంది ఉన్నారు. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కొట్టారు. సైకిలు సంఘం కార్యదర్శి లూబెన్ ఆమె భుజం మీద దుప్పటి కప్పి, "ముప్ఫై మూడు నిమిషాలమ్మా, ముప్ఫై మూడే. ఆ గాలే లేకపోతేనా," అన్నాడు.

"గాలి ఉండాల్సిందేలెండి," అంది రాలిత్స.

ఆమె నీళ్లు తాగుతుంటే అతను పుస్తకం తిరగేస్తున్నాడు. ఒకచోట ఆగి, కళ్లు చిట్లించాడు. పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు.

"ఇదేంటి, ఇన్నిచోట్ల ఇద్దరని వేశారు? ఎవరా రెండోవాడు?"

"మా అన్న," అంది ఆమె. "ఊళ్లో దిగబెట్టి వచ్చాను."